కౌంటరు కంప్యూటర్‌లో నా ఫోను సందేశాలు అందరికీ కనిపిస్తున్నాయి, ఎలా ఆపాలి?

లెక్కల_పద్దు

తిరుపతి రైల్వే స్టేషను దగ్గర ఒక లాడ్జిలో లెక్కలు చూస్తాను. నాకు వేరే గది లేదు, రిసెప్షన్ కౌంటరు మీది కంప్యూటర్‌లోనే నా పని. జీఎస్టీ ఓటీపీ వచ్చిన ప్రతిసారీ సంచిలోంచి ఫోను తీయడం ఎందుకని రెండు నెలల కిందట తోటి ఉద్యోగి ఒకరు నా ఫోనును ఆ కంప్యూటర్‌కు కలిపి పెట్టారు. అప్పటి నుంచి నాకు వచ్చే ప్రతి ఎస్సెమ్మెస్ తెర కుడి మూలన కింద పెట్టెలా లేస్తోంది. మోత కూడా ఉంది.

నిన్న గది కోసం వచ్చిన కుటుంబం ఆధార్ కార్డులు చేతిలో పట్టుకుని నా ఎదుట నిలబడి ఉంది. సరిగ్గా అప్పుడే జీతం జమ అయిన సందేశం వచ్చింది, ఖాతాలో మొత్తం ఎంత ఉందో దానితో సహా. అందులో పెద్దాయన మర్యాదగా చూపు పక్కకు తిప్పుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. అంతకు ముందు వారం మా అమ్మాయి రక్తపరీక్ష ఫలితం సిద్ధమైందని ల్యాబు నుంచి సందేశం వచ్చింది. రాత్రి డ్యూటీ కుర్రాడు "పాపకు ఒంట్లో బాగాలేదా అక్కా" అని అడిగాడు. మంచి మనసుతోనే అడిగాడు, కానీ ఆ సంగతి నేను ఇంట్లో మా అత్తగారికి కూడా చెప్పలేదు.

ఆ పెట్టె మీద మూడు చుక్కలు నొక్కి అలర్టులు ఆపమని ఇచ్చాను. ఇదివరకు ప్రతి సందేశానికీ రెండుసార్లు మోగేది, ఇప్పుడు ఒకసారి మోగుతోంది. అంతే తేడా. కంప్యూటర్ విండోస్ 11, ఫోను ఆండ్రాయిడ్. ఒకటి మాత్రం ముఖ్యం, బ్యాంకు సందేశాలు నా ఫోనుకు రావడం ఆగకూడదు.

ఏడుకొండల_నీడ

కంప్యూటర్‌లో సందేశాల పేజీ తెరిచి అన్నీ తొలగించండి. అక్కడ ఖాళీ అయిపోతే ఎవరూ చూడటానికి ఏమీ మిగలదు.

పాకాల_జంక్షన్

ఆగండి. లెక్కల_పద్దు గారూ, దయచేసి ఆ పని చేయకండి. నేను చేసి నష్టపోయాను.

మా నాన్నగారి కొట్టు ఒకటి అద్దెకు ఇచ్చాం. అద్దెదారు నెలనెలా "ఇంత పంపాను, ఇంత బాకీ" అని సందేశం పెట్టేవారు. ఏడాదిన్నర సందేశాలు. ఒకరోజు స్నేహితుడి ఆఫీసు కంప్యూటర్‌లో నా సందేశాలు కనిపిస్తున్నాయని అక్కడే కూర్చుని ఒక్కొక్కటీ తొలగించాను. కంప్యూటర్‌లోది నకలు, అసలు ఫోనులో భద్రంగా ఉంటుందని నా నమ్మకం. బస్సు ఎక్కి ఫోను చూసుకుంటే అందులోనూ లేవు. అద్దె బాకీ మీద మాట వచ్చినప్పుడు చూపించడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

అద్దంలో బొట్టు తుడిస్తే ముఖం మీద బొట్టు పోదు. ఇక్కడ మాత్రం పోతుంది.

ఏడుకొండల_నీడ

నాకు ఇది తెలియదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఎవరూ పాటించకండి.

కోనేటి_గట్టు

చిత్తూరులో కంప్యూటర్ల మరమ్మతు కొట్టు నడుపుతాను. పాకాల_జంక్షన్ చెప్పింది నిజం. బ్రౌజరులో తెరిచే గూగుల్ మెసేజెస్ పేజీకి తనదంటూ నిల్వ లేదు. ఫోనులో ఉన్నదాన్నే ఇంటర్నెట్ మీదుగా చూపిస్తుంది. అందుకే ఫోను ఆపేసినా, ఫోనుకు నెట్ లేకపోయినా ఆ పేజీ పనిచేయదు. అక్కడ తొలగించామంటే ఫోనులో తొలగించినట్టే.

లెక్కల_పద్దు గారూ, మీరు రాసిన దాంట్లో రెండుసార్లు మోగేదన్న మాట దగ్గర ఆగాను. మామూలుగా ఒక సందేశానికి ఒక మోత. రెండు మోగాయంటే మీ ఫోను ఆ కంప్యూటర్‌కు రెండు దారుల్లో కలిసి ఉందని నా అనుమానం. ఒకటి బ్రౌజరు దారి, రెండోది విండోస్‌లోనే ఉండే 'ఫోన్ లింక్' అనే యాప్ దారి. మీరు మూడు చుక్కలు నొక్కి ఆపింది ఒకదాని మోత మాత్రమే.

అలర్టు వేరు, సింకు వేరు, లింకు వేరు. కొట్టుకు వచ్చే వాళ్లలో చాలామంది ఈ మూడింటినీ ఒకటిగానే అనుకుంటారు. అలర్టు ఆపితే మూలన పెట్టె లేవదు, మోత ఉండదు, కానీ పేజీ తెరిస్తే సందేశాలన్నీ అక్కడే ఉంటాయి. సింకు ఆపితే కొత్త సందేశాలు కంప్యూటర్‌కు చేరవు, అయినా రెండు పరికరాల మధ్య బంధం మిగిలి ఉంటుంది, రేపు ఎవరైనా ఒక్క మీట నొక్కి మళ్లీ మొదలుపెట్టవచ్చు. లింకు తెంచితేనే పని పూర్తవుతుంది. మీది పదిమంది కూర్చునే కౌంటరు కాబట్టి తెంచేయడమే నా సలహా.

ముందు బ్రౌజరు దారి చూద్దాం. దీనికి కంప్యూటర్ ముట్టుకోనక్కరలేదు. ఫోనులో మెసేజెస్ యాప్ తెరిచి, పైన కుడివైపు మీ ఖాతా బొమ్మ నొక్కితే 'డివైస్ పెయిరింగ్' అని ఉంటుంది. అందులో జతపడిన కంప్యూటర్ల జాబితా కనిపిస్తుంది, అక్కడి నుంచే తీసివేయవచ్చు. ఏమేం ఉన్నాయో చూసి చెప్పండి.

లెక్కల_పద్దు

చూశాను. రెండు ఉన్నాయి! ఒకటి మా లాడ్జిదే. రెండోది ఏదో నాకు అర్థం కావడం లేదు.

తోతాపురి

అమ్మా, ఆ రెండోది ముందు తీసెయ్యండి. ఎవరిదో తర్వాత ఆలోచించవచ్చు.

లెక్కల_పద్దు

రెండూ తీసేశాను. ఇప్పుడు గుర్తొచ్చింది. మా అమ్మాయి కాలేజీ ప్రవేశాల సమయంలో బాలాజీ కాలనీ వైపు ఒక జిరాక్స్ కొట్టుకు వెళ్లాను. సీటు కేటాయింపు సందేశం ప్రింటు కావాలంటే, తెర మీద చదరపు కోడు (క్యూఆర్) చూపించి ఫోనుతో స్కాన్ చేయమన్నారు. ప్రింటు తీసుకుని వచ్చేశాను. అది తెంచాలని వాళ్లూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇన్ని నెలలు నా ఫోనుకు వచ్చినవన్నీ ఆ కొట్టులో కనిపించే అవకాశం ఉందన్నమాట. చేతులు చల్లబడ్డాయి.

స్వర్ణముఖి_ఇసుక

అక్కా, కంగారు పడకండి. ఇప్పుడు తెగిపోయింది కదా. గత కొన్ని నెలల బ్యాంకు స్టేట్‌మెంటు ఒకసారి తీసి, తెలియని లావాదేవీ ఏదైనా ఉందేమో చూసుకోండి. ఉంటే వెంటనే బ్యాంకుకు చెప్పి, 1930కు ఫోను చేయండి. సైబర్ మోసాల్లో పోయిన డబ్బు గురించి ఫిర్యాదు చేయడానికి దేశమంతటికీ ఉన్న నంబరు అది.

నగరి_మగ్గం

ఇది చదివి నేనూ నా ఫోను తెరిచి చూశాను. నాది ఖాళీగా ఉంది. మా బావది చూస్తే ఒక కంప్యూటర్ ఉంది, ఎక్కడిదో ఆయనకూ తెలియదు. ఇద్దరం కలిసి తీసేశాం.

విశ్రాంత_పంతులు

చంద్రగిరి నుంచి రాస్తున్నాను. జిరాక్స్ కొట్టులో ప్రింటు కావాలంటే స్కాన్ అవసరం లేదు. సందేశాన్ని తెరపట్టు (స్క్రీన్‌షాట్) తీసి ఆ ఒక్క బొమ్మనే పంపండి. పత్రం ఒకటి అడిగితే బీరువా తాళాలు ఇవ్వం కదా.

కోనేటి_గట్టు

పంతులుగారు చెప్పినట్టే చేయాలి. ఇంకొక మాట. చదరపు కోడుతో కాకుండా గూగుల్ ఖాతాతో జతచేసే పద్ధతి కూడా ఉంది. కౌంటరు కంప్యూటర్ బ్రౌజరులో మీ ఖాతా తెరిచి ఉందేమో చూసి, ఉంటే అక్కడ సైన్ అవుట్ అవ్వండి.

ఇప్పుడు ఇంకా మోగుతోందా?

లెక్కల_పద్దు

మోగుతోంది. ఒకసారే, కానీ మోగుతోంది.

కోనేటి_గట్టు

అయితే మిగిలింది ఫోన్ లింక్. విండోస్ స్టార్టులో 'ఫోన్ లింక్' అని వెతికి తెరవండి. పళ్లచక్రం గుర్తు నొక్కితే సెట్టింగ్స్. అందులో 'ఫీచర్స్' కింద 'మెసేజెస్' ఉంటుంది. ఫోనులోని సందేశాలు చూపించడానికి అనుమతించే మీట అక్కడే ఉంది, ఆపండి.

లెక్కల_పద్దు

ఆపాను. ఫోన్ లింక్‌లో సందేశాల పేజీ ఖాళీ అయింది. సంతోషించి మా అమ్మాయితో ఒక సందేశం పెట్టించాను. మూలన మళ్లీ అదే పెట్టె, అదే మోత, "అమ్మా వచ్చిందా" అని. సందేశాల పేజీ ఖాళీగా ఉన్నప్పుడు ఆ పెట్టెలోకి ఎక్కడి నుంచి వస్తోంది?

స్వర్ణముఖి_ఇసుక

కోనేటి_గట్టు అన్నా, మీరు ఒకటి వదిలేశారు. ఫోన్ లింక్‌కు సందేశాలు ఒక వాకిలి, నోటిఫికేషన్లు ఇంకో వాకిలి. ఫోనులో ఏ యాప్ అలర్టు ఇచ్చినా దాన్ని తెచ్చి కంప్యూటర్‌లో చూపించే ఏర్పాటు విడిగా ఉంది. ఎస్సెమ్మెస్ వస్తే ఫోనులోని మెసేజెస్ యాప్ అలర్టు ఇస్తుంది, ఆ అలర్టు ఈ రెండో వాకిలి గుండా కంప్యూటర్‌కు చేరుతుంది. ముందు వాకిలి మూస్తే పెరటి వాకిలి తెరిచి ఉన్నట్టు.

అక్కా, అదే 'ఫీచర్స్' కింద 'నోటిఫికేషన్స్' అని ఉంటుంది. ఏయే యాపుల అలర్టులు రావాలో ఎంచుకునే జాబితా కూడా ఉంటుంది. మెసేజెస్ ఒక్కటే తీయవచ్చు, మొత్తమే ఆపవచ్చు. మీరు మొత్తమే ఆపండి, లేకపోతే వాట్సాప్‌వి కూడా వస్తూనే ఉంటాయి.

కోనేటి_గట్టు

నిజమే తల్లీ, వదిలేశాను. ఆ దారిని నేనే ముందు చెప్పాల్సింది. లెక్కల_పద్దు గారూ, తిప్పినందుకు మన్నించండి. ఈ మీటల వెంట ఒక్కొక్కటిగా పోవడం కన్నా బంధాన్నే తీసేద్దాం. ఫోన్ లింక్ సెట్టింగ్స్‌లో 'డివైసెస్' దగ్గర మీ ఫోను పేరు, దాని పక్కన మూడు చుక్కలు ఉంటాయి. అందులో 'రిమూవ్' నొక్కండి. తర్వాత ఫోనులో 'లింక్ టు విండోస్' అనే యాప్ ఉందేమో చూడండి. అక్కడ కూడా ఆ కంప్యూటర్ పేరు కనిపిస్తే తీసేయండి. రెండు వైపులా చూసుకోవడం మంచిది.

శామ్‌సంగ్ ఫోన్లలో ఆ యాప్ ముందే ఉండి వస్తుంది. తీసివేయడం కుదరకపోయినా పైనుంచి వేలితో కిందికి లాగితే వచ్చే మీటల్లో 'లింక్ టు విండోస్' ఉంటుంది, దాన్ని ఆపి ఉంచితే చాలు.

తోతాపురి

నా ఉద్దేశంలో అసలు ఫోనును ఇంకొకరి కంప్యూటర్‌కు కలపడమే తప్పు. ఎందుకో చెబుతాను.

నాకు చిత్తూరు పక్కన మామిడి తోట ఉంది. జూన్, జూలై వచ్చిందంటే తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది, ధర రోజుకో తీరుగా ఉంటుంది. టన్నుకు ఎంత ఇస్తారన్నది ఉదయం సందేశంలో వస్తుంది. మండీలో తూకం చీట్లు రాసే గుమాస్తా కంప్యూటర్‌కు నా ఫోను కలిపారు, చీటీ ఫొటోలు సులభంగా దించుకోవచ్చని. నేను కాయల ట్రాక్టరు దగ్గర ఉన్నప్పుడు నాకు వచ్చిన ధర అక్కడి తెర మీద లేచింది. పక్కనే టీ తాగుతున్న వ్యాపారి చదివాడు. అరగంట తర్వాత నాతో బేరానికి కూర్చున్నప్పుడు నాకు ఎంత వస్తుందో ఆయనకు ముందే తెలుసు. సరిగ్గా దానికి కొంచెం మీదే ఆగాడు, పైసా కదల్లేదు. ఏడాదంతా నీళ్లు పెట్టి, మందు కొట్టి, కాపలా కాసిన పంట అది. ఎవరి మీదా నిందలేదు, కనిపించింది చదివాడు. కనిపించేలా పెట్టుకున్నందుకే నాకు ఇప్పటికీ బాధ.

అప్పటి నుంచి ఫొటోలు కేబులు పెట్టి దించుకుంటున్నాను. ఆరు అంకెల ఓటీపీ చేత్తో కొట్టడానికి ఎంత సేపు పడుతుంది?

విశ్రాంత_పంతులు

తోతాపురి గారి బాధ న్యాయమైనది. కానీ అందరికీ అదే సూత్రం కట్టకండి. నాకు రెండు కళ్లకూ శుక్లాల శస్త్రచికిత్స జరిగింది. ఫోనులోని అక్షరాలు చీమల బారులా ఉంటాయి. మా ఇంటి కంప్యూటర్ తెర పెద్దది, అక్షరాలు ఇంకా పెద్దవి చేసుకుని పింఛను సందేశం, కరెంటు బిల్లు సందేశం నా అంతట నేను చదువుకుంటున్నాను. ఇదివరకు పక్కింటి పిల్లవాణ్ణి పిలిచి చదివించుకునేవాణ్ణి. నాకు ఈ సింకు ఊతకర్ర లాంటిది. తీసేయమంటే ఒప్పుకోను.

తోతాపురి

పంతులుగారూ, మీ ఇంట్లో మీ కంప్యూటర్ గురించి నేను అనలేదు. నలుగురు కూర్చునే చోట గురించి అన్నాను.

విశ్రాంత_పంతులు

అయితే మనిద్దరి మధ్య తగవు లేదు.

కంప్యూటర్‌కూ ఎస్సెమ్మెస్‌కూ చుట్టరికం పాతదే. లోకంలో మొదటి ఎస్సెమ్మెస్ 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో వెళ్లింది. అది ఫోనులో కొట్టింది కాదు, కంప్యూటర్ నుంచి ఒక ఫోనుకు పంపింది. క్రిస్మస్ శుభాకాంక్షలు అందులో. అప్పటి ఫోన్లలో సందేశం టైపు చేసే వీలు ఇంకా లేదు.

నగరి_మగ్గం

ఒక సందేశంలో 160 అక్షరాలే పడతాయంటారు కదా. నేను తెలుగులో రాస్తే దానికన్నా చాలా ముందే రెండో సందేశం లెక్కలోకి వస్తోంది. ఎందుకు?

కోనేటి_గట్టు

ఒక ఎస్సెమ్మెస్‌లో 140 బైట్ల చోటు ఉంటుంది. ఆంగ్ల అక్షరానికి ఏడు బిట్లు చాలు, అందుకే 160 పడతాయి. తెలుగు అక్షరానికి పదహారు బిట్లు కావాలి కాబట్టి 70 మాత్రమే. గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా లెక్కకు వస్తాయి. 'తిరుపతి' అని రాస్తే మనకు నాలుగు అక్షరాలు, దానికి ఏడు.

నగరి_మగ్గం

ఇప్పుడు అర్థమైంది. ఇంకో సందేహం కూడా ఉంది. నాకు రేణిగుంట రోడ్డులో ప్లాట్లు, సులభ రుణాలు అంటూ రోజుకు పది సందేశాలు వస్తాయి. కంప్యూటర్‌కు రాకుండా కాదు, అసలు ఫోనుకే రాకూడదు.

స్వర్ణముఖి_ఇసుక

ఆంగ్ల అక్షరాల్లో స్టార్ట్ అని రాసి, ఒక ఖాళీ వదిలి సున్నా పెట్టి 1909కి సందేశం పంపండి. ప్రకటనల సందేశాలన్నిటికీ అడ్డు పడుతుంది. బ్యాంకు లావాదేవీల సందేశాలూ ఓటీపీలూ దీనివల్ల ఆగవు.

పంపినవారి పేరు చివర ఇప్పుడు ఒక అక్షరం ఉంటుంది, గమనించారా? పి అంటే ప్రచారం, ఎస్ అంటే సేవ, టి అంటే లావాదేవీ, జి అంటే ప్రభుత్వం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025లో తెచ్చిన పద్ధతి. పి ఉన్నవి ధైర్యంగా అడ్డుకోవచ్చు.

ఏడుకొండల_నీడ

లెక్కల_పద్దు గారు బ్యాంకుకే వెళ్లి ఎస్సెమ్మెస్ అలర్టులు ఆపించుకోవచ్చు కదా? బ్యాలెన్సు కావాలంటే యాప్‌లో చూసుకుంటారు.

పాకాల_జంక్షన్

వద్దు తమ్ముడూ, ఇది కూడా వద్దు. ఖాతాలోంచి మనకు తెలియకుండా డబ్బు పోతే ముందు కబురు చెప్పేది ఆ సందేశమే.

రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో ఒక ఉత్తర్వు ఇచ్చింది, అందులోని మాట ఇది. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడో మనిషి వల్ల డబ్బు పోయినప్పుడు, బ్యాంకు నుంచి ఆ లావాదేవీ సమాచారం అందిన మూడు పని దినాల్లోపు మనం తెలియజేస్తే ఆ నష్టం మన మీద పడదు. నాలుగు నుంచి ఏడు పని దినాల్లో చెబితే కొంత భారం మన మీద ఉంటుంది. ఓటీపీ మనమే ఎవరికో చెప్పి ఉంటే మాత్రం ఈ రక్షణ వర్తించదు, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయింది మనదే. సందేశాలు ఆపించుకుంటే మూడు రోజుల్లో చెప్పడం సంగతి అటుంచి, పోయినట్టు తెలిసేసరికే నెల దాటుతుంది.

అందుకే ఆవిడ మొదటే రాశారు, ఫోనుకు రావడం ఆగకూడదని.

ఏడుకొండల_నీడ

సరే అన్నా. ఈసారి రాసే ముందు మొదటి ప్రశ్న పూర్తిగా చదువుతాను.

పాకాల_జంక్షన్

నువ్వు అడిగావు కాబట్టే ఇంతమందికి తెలిసింది. అడుగుతూనే ఉండు.

స్వర్ణముఖి_ఇసుక

నా సమస్య కూడా ఇక్కడే చెబుతాను. నాకు ఐఫోను ఉంది. అన్నయ్య వాడి వదిలేసిన మ్యాక్ హాస్టల్ గదిలో పెట్టుకున్నాను, గదిలో నలుగురం వాడతాం. నా సందేశాలన్నీ అందులో వస్తున్నాయి. విండోస్ గురించి తెలుసు కానీ మ్యాక్ నాకు కొత్త.

కోనేటి_గట్టు

అక్కడా అలర్టు, సింకు, లింకు మూడూ వేర్వేరే. అలర్టు మాత్రమే ఆపాలంటే మ్యాక్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో 'నోటిఫికేషన్స్', అందులో 'మెసేజెస్'. మామూలు ఎస్సెమ్మెస్‌లు మ్యాక్‌కు రాకుండా చేయాలంటే ఫోనులోనే సెట్టింగ్స్, మెసేజెస్, 'టెక్స్ట్ మెసేజ్ ఫార్వర్డింగ్'. అక్కడ మ్యాక్ పేరు ఎదుట ఉన్న మీట ఆపండి. ఐఓఎస్ 18 నుంచి మెసేజెస్ అన్నది 'యాప్స్' లోపలికి వెళ్లింది, బయట కనిపించకపోతే అక్కడ వెతకండి.

ఇది ఎస్సెమ్మెస్‌కే. ఐమెసేజ్‌లు ఆపిల్ ఖాతా ద్వారా వస్తాయి కాబట్టి, మ్యాక్‌లో మెసేజెస్ తెరిచి దాని సెట్టింగ్స్‌లో ఐమెసేజ్ దగ్గర సైన్ అవుట్ అవ్వాలి. అంతకు ముందు అక్కడే ఆపిల్ వారి ఆన్‌లైన్ నిల్వ ఐక్లౌడ్‌లో సందేశాలు దాచే గడి ఉంటుంది. దాని టిక్కు తీస్తే అన్ని పరికరాల్లో ఆపాలా, ఈ ఒక్కదానిలోనా అని అడుగుతుంది. తొందరపడి అన్నీ అనకండి, 'ఈ పరికరం' అన్నదే నొక్కండి. ఐక్లౌడ్ సింకు నడుస్తున్నంత సేపు మ్యాక్‌లో తొలగించింది ఫోనులోనూ పోతుంది, పాకాల_జంక్షన్ అద్దం బొట్టు సామెత అక్కడా వర్తిస్తుంది.

స్వర్ణముఖి_ఇసుక

'ఈ పరికరం' నొక్కాను, తర్వాత సైన్ అవుట్ అయ్యాను. ఫోనులో మ్యాక్ మీట కూడా ఆపేశాను. మ్యాక్‌లో అన్నయ్య పాత సందేశాలు కొన్ని ఉన్నాయి, అవి నేను చదవలేదు, ఆయనకు ఫోను చేసి చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మంచి పని చేశావు" అన్నారు.

తోతాపురి

అన్నయ్యతో ముందే చెప్పావు చూడు, అది బాగుంది అమ్మాయీ.

లెక్కల_పద్దు

అందరికీ ఒకేసారి సమాధానం రాస్తున్నాను, మధ్యాహ్నం గదులు ఖాళీ చేసే వేళ కావడంతో ఇంతసేపు కూర్చోలేకపోయాను.

ఫోన్ లింక్‌లో నా ఫోను తీసేశాను. ఫోనులో లింక్ టు విండోస్ తెరిస్తే కంప్యూటర్ పేరు ఇంకా ఉంది, అక్కడా తీసేశాను. బ్రౌజరులో నా గూగుల్ ఖాతా తెరిచే ఉంది, సైన్ అవుట్ అయ్యాను. మా అమ్మాయితో మూడు సందేశాలు పెట్టించాను. ఫోను మూడుసార్లు మోగింది. కంప్యూటర్ తెర మీద గదుల పట్టిక తప్ప ఏమీ లేదు.

స్టేట్‌మెంటు కూడా ఆరు నెలలది తీసి వరుసగా చూశాను. అన్నీ నేను చేసినవే. ఆ జిరాక్స్ కొట్టుకు మాత్రం రేపు వెళ్తాను. దెబ్బలాడటానికి కాదు. ప్రింటుకు వచ్చిన ప్రతి ఒక్కరి చేతా స్కాన్ చేయిస్తున్నారు, పని అయ్యాక తెంచమని ఒక కాగితం మీద రాసి గోడకు అంటించమని చెబుతాను. ప్రవేశాల రోజుల్లో అక్కడ వరుస కట్టేది మా అమ్మాయి లాంటి పిల్లలే.

యజమానిగారికి కూడా విషయం చెప్పాను. కంప్యూటర్ తెరను గోడ వైపు కొంచెం తిప్పించారు. జీఎస్టీ ఓటీపీ ఫోనులో చూసి కొడుతున్నాను, తోతాపురి గారు అన్నట్టు ఎక్కువ సేపేమీ పట్టడం లేదు.

కోనేటి_గట్టు

బల్ల దగ్గర నుంచి లేచేటప్పుడు విండోస్ మీట, ఎల్ కలిపి నొక్కడం అలవాటు చేసుకోండి. తెరకు తాళం పడుతుంది. ఫోను బల్ల మీద పెట్టే అలవాటు ఉంటే, తాళం వేసిన ఫోను తెర మీద సందేశంలోని విషయం కనిపించకుండా చేసే వీలు దాని నోటిఫికేషన్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, అది కూడా పెట్టుకోండి. సందేశం వచ్చిందని తెలుస్తుంది, ఏమిటన్నది తెలియదు.

పాకాల_జంక్షన్

రాత్రి డ్యూటీ కుర్రాడు మళ్లీ ఏమైనా అడిగాడా?

లెక్కల_పద్దు

నేనే చెప్పాను. పాపకు రక్తం కొంచెం తక్కువగా ఉందన్నారు, మందులు వాడుతోంది, భయపడాల్సింది లేదు. పొద్దున వాళ్లమ్మ చేత రాగి లడ్డూలు చేయించి తెచ్చి ఇచ్చాడు.

నగరి_మగ్గం

1909 నుంచి జవాబు వచ్చింది, నా అభ్యర్థన నమోదైందట. ప్లాట్ల వాళ్లు ఎన్నాళ్లకు ఆగుతారో చూడాలి.

విశ్రాంత_పంతులు

దసరా సెలవులకు మా మనవరాలు వచ్చింది. కంప్యూటర్‌లో బొమ్మలు గీస్తుంటే మధ్యలో నా సందేశాలు లేచి ఆమె గీతను చెడగొడుతున్నాయి. సింకు తీయను, పిల్ల బొమ్మ వేసే కాసేపు అలర్టు ఆగితే చాలు. దానికి ఏం చేయాలి?

స్వర్ణముఖి_ఇసుక

తాతగారూ, విండోస్ 11 అయితే విండోస్ మీట, ఎన్ కలిపి నొక్కండి. కుడివైపు ఒక పలక వస్తుంది, అందులో పైన గంట బొమ్మ ఉంటుంది. నొక్కితే 'డు నాట్ డిస్టర్బ్' మొదలవుతుంది, సందేశాలు మౌనంగా ఆ పలకలోనే చేరతాయి. పాప లేచాక మళ్లీ నొక్కితే మామూలే.

విశ్రాంత_పంతులు

నొక్కాను. గంట బొమ్మ పక్కన జడ్ అక్షరాలు వచ్చాయి. తెర నిశ్శబ్దంగా ఉంది. పిల్ల ఏనుగుకు రెండో చెవి గీస్తోంది.